సరస్సు ఒడ్డున ఆర్‌వీ విడిది: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఆర్‌వీ (పడకలు, వంటగది, బాత్రూమ్ ఉన్న ఇల్లులాంటి బండి) ప్రయాణం మీదే. అడిగినవారు టెక్సస్‌లో ఉంటున్నారు గనక జవాబులు అక్కడి స్టేట్ పార్కులకు, ముఖ్యంగా బర్నెట్ ఊరి దగ్గరున్న ఇంక్స్ లేక్ స్టేట్ పార్కుకు తగినట్టు ఇస్తున్నాం. కరెంటు, నీళ్ళు, ట్యాంకుల సంగతి మాత్రం ఏ రాష్ట్రంలో, ఏ సరస్సు దగ్గరైనా ఒకటే.

ప్రశ్న: మేమిద్దరం, ఆరేళ్ళు, తొమ్మిదేళ్ళ పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. మొత్తం ఆరుగురం. మొదటిసారి ఆర్‌వీ అద్దెకు తీసుకుని సరస్సు పక్కన రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. ఎలాంటి బండి తీసుకోవాలి? ఏ పార్కుకు వెళ్ళాలి? ఎంత ముందుగా బుక్ చేయాలి? (ఒక పాఠకురాలు, సీడర్ పార్క్)

జవాబు: ఆరుగురికి క్లాస్ సి బండి సరిపోతుంది. డ్రైవర్ తల మీదుగా మంచం ఉండే రకం ఇది. 28 నుంచి 30 అడుగుల పొడవుది చూడండి. "ఎనిమిది మంది పడుకోవచ్చు" అన్న ప్రకటన చూసి తీసుకోకండి, సీటు బెల్టులు లెక్కపెట్టండి. ఎనిమిది పడకలున్న బండిలో ఆరే బెల్టులుండొచ్చు. టెక్సస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు దాటకపోతే, కారు సీటు గానీ బూస్టర్ గానీ తప్పనిసరి. కాబట్టి మీ ఆరేళ్ళ బిడ్డకు బూస్టర్ ఉండాల్సిందే. దాన్ని బండి ముందువైపుకు తిరిగి ఉన్న బెల్టు సీటు మీదే పెట్టాలి. పక్కకో వెనక్కో తిరిగి ఉన్న భోజనాల బల్ల సీటు మీద పెట్టకూడదు. అలాంటి సీటు ఎన్ని ఉన్నాయో అద్దెకిచ్చేవాళ్ళను ముందే అడగండి.

పడకల విషయానికొస్తే, అమ్మానాన్నకు వెనక గది మంచం ఇవ్వండి. బాత్రూమ్ దానికి దగ్గర, ఎక్కి దిగే పనీ ఉండదు. డ్రైవర్ పైనున్న మంచానికి నిచ్చెన ఎక్కాలి. దానికి అడ్డు వల ఉంటే అది పిల్లలకు, లేకపోతే మీకు.

పార్కుల్లో ఇంక్స్ లేక్‌నే ఎంచుకోమంటాం. మీ ఊరి నుంచి గంట ప్రయాణం, మొదటిసారి పెద్ద బండి నడిపేవాళ్ళకు అంతకంటే ఎక్కువ దూరం వద్దు. ఇంకో కారణం నీళ్ళు. ఎగువన బుకానన్ డ్యామ్, దిగువన ఇంక్స్ డ్యామ్ ఉండటం వల్ల ఈ సరస్సు మట్టం దాదాపు ఏడాది పొడవునా మారదు. కరవు ఏళ్ళలో లేక్ ట్రావిస్ లాంటివి బాగా కిందికి దిగి, ఒడ్డు ఎక్కడో, నీళ్ళు ఎక్కడో అయిపోతాయి. ఇక్కడ ఆ బెంగ లేదు.

టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకు ఐదు నెలల ముందు నుంచీ బుకింగ్ తెరుస్తారు. శుక్ర, శనివారాలకు, అదీ నీటి అంచున ఉన్న సైట్లకు (బండి నిలుపుకునే చోట్లకు), ఆ ఐదు నెలలూ చాలవేమో అనిపిస్తుంది. ఆది, సోమ, మంగళ రాత్రులు తేలిగ్గా దొరుకుతాయి. వారాంతమే కావాలంటే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు రోజూ ఒకసారి చూడండి, రద్దయిన సైట్లు మళ్ళీ కనబడతాయి. అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో దారి పొడవునా బ్లూబానెట్ పూలుంటాయి గానీ, వసంత సెలవుల వారం మాత్రం వదిలేయండి, జనం కిటకిటలాడతారు.

సైటు పేజీలో మూడు విషయాలు చూసి తీరాలి. మొదటిది బండి పొడవుకు పరిమితి. రెండోది కరెంటు 30 ఆంపా, 50 ఆంపా. మూడోది సీవర్ కనెక్షన్, అంటే బండి మురికినీళ్ళు పోయే గొట్టం కలిపే ఏర్పాటు, ఉందా లేదా. ఇంక్స్ లేక్‌లో సైటుకు నీళ్ళు, కరెంటు ఉంటాయి, సీవర్ ఉండదు. ఈ ఒక్క సంగతి మీ రెండు రోజులనూ ఎలా నడుపుతుందో కింద మూడో ప్రశ్నలో వివరంగా చెప్పాం. ఒక సైటులో ఎనిమిది మందికి మించి ఉండకూడదు. మధ్యాహ్నం 2 గంటలకు లోపలికి రావచ్చు, వెళ్ళే రోజు 12 గంటలకు ఖాళీ చేయాలి. సైటు అద్దె కాకుండా మనిషికి ఇంతని ప్రవేశ రుసుము రోజూ వేరుగా ఉంటుంది. 12 ఏళ్ళు, అంతకన్నా చిన్నపిల్లలకు అది లేదు.

బీమా సంగతి. మామూలు కారు పాలసీ, క్రెడిట్ కార్డు రక్షణ అద్దె ఆర్‌వీకి చాలాసార్లు వర్తించవు. అద్దె కంపెనీ ఇచ్చే బీమా తీసుకున్నా, బండి పైకప్పుకు తగిలే దెబ్బలు అందులో ఉన్నాయో లేవో చదవండి. అవి తరచుగా మినహాయింపుల్లో ఉంటాయి.

ప్రశ్న: 30 ఆంప్ సైటు దొరికింది. ఏసీ, ఇన్‌స్టంట్ పాట్, ఇండక్షన్ స్టవ్, ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ, అన్నీ వాడుకోవచ్చా? (ఒక పాఠకుడు, రౌండ్ రాక్)

జవాబు: అన్నీ ఒకేసారి కుదరవు. 30 ఆంపులు, 120 వోల్టులు అంటే 3,600 వాట్లు. బండి అంతటికీ అంతే. పైకప్పు ఏసీ నడుస్తుంటే సుమారు 13 ఆంపులు, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్‌కు 15. నీళ్ళు కాచే కెటిల్‌కు పన్నెండున్నర. మైక్రోవేవ్‌కు 12 దాకా. ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్‌కు 8 నుంచి 9. వాటర్ హీటర్‌ను కరెంటు మీద పెడితే దానికి మరో 12. బండి బ్యాటరీని చార్జ్ చేసే కన్వర్టర్ మీకు కనబడకుండా నాలుగైదు ఆంపులు తింటూనే ఉంటుంది.

ఇప్పుడు కూడి చూడండి. ఏసీ, కన్వర్టర్, ఇన్‌స్టంట్ పాట్ కలిపి 27. సరిపోయింది. దానికి ఇండక్షన్ కలిపితే 42, బ్రేకర్ పడిపోతుంది. ఏసీ వేసుకున్నంతసేపూ వాటర్ హీటర్, ఫ్రిజ్ రెండూ గ్యాస్ మీద ఉంచండి. కరెంటు సామాన్లలో ఒక్కటే నడవనివ్వండి. పప్పు కుక్కర్‌లో ఉండగా టీ కావాలంటే గ్యాస్ పొయ్యి మీద పెట్టుకోండి. ఇండక్షన్ ఇంట్లోనే ఉంచడం మేలు, బండిలో గ్యాస్ పొయ్యి ఎలాగూ ఉంది. బండి లోపలి ప్లగ్గులు చాలావరకు ఒకే 15 ఆంపుల లైను మీద ఉంటాయి గనక రెండు పెద్ద సామాన్లు రెండు వేర్వేరు ప్లగ్గులకు పెట్టినా అదే బ్రేకర్ పడుతుంది.

ఇండియా మిక్సీ 230 వోల్టులది. ఇక్కడ పెడితే మెల్లగా తిరిగి వేడెక్కుతుంది, నలగదు. పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద, దోశపిండి ఇంట్లోనే చేసి తెచ్చుకోండి.

కరెంటు కలిపే వరుస: సైటులోని కరెంటు స్తంభం మీది బ్రేకర్ ఆపండి. ముందు సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు తేడాల నుంచి బండిని కాపాడే పరికరం) పెట్టి, బ్రేకర్ వేసి, దాని దీపాలు చూడండి. వైర్లు తారుమారైనా ఎర్త్ లేకపోయినా అది చెప్పేస్తుంది. అలా ఉంటే బండి కలపకుండా రేంజర్‌కు చెప్పి సైటు మార్పించుకోండి. బాగుంటే బ్రేకర్ మళ్ళీ ఆపి, బండి తీగ గుచ్చి, అప్పుడు వేయండి. వెళ్ళేటప్పుడు ముందు లోపల ఏసీ ఆపాలి, తర్వాత స్తంభం బ్రేకర్, చివర ప్లగ్గు. నడుస్తున్న ఏసీతో ప్లగ్గు లాగితే నిప్పురవ్వలు వచ్చి పిన్నులు మాడతాయి.

వేసవి మధ్యాహ్నం పార్కు నిండా ఏసీలు తిరుగుతుంటే వోల్టేజి పడిపోతుంది. 104కు దిగితే ఏసీ కంప్రెసర్‌కు ముప్పు. వోల్టేజి చూసి తనంతట తాను కట్ చేసే రకం ప్రొటెక్టర్ తీసుకోవడానికి ఇదే కారణం. తీగ చాలకపోతే ఇంటి గరాజ్‌లో వాడే నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు, కరిగిపోతుంది. 30 ఆంపులకు చేసిన ఆర్‌వీ తీగే కావాలి.

ప్రశ్న: మా అత్తయ్యగారు, మామయ్యగారు టాయిలెట్‌లో నీళ్ళు లేకుండా ఉండలేరు. ఆర్‌వీలో మగ్గు వాడొచ్చా? ట్యాంకు ఎన్ని రోజులు వస్తుంది? (ఒక పాఠకురాలు, ఫ్రిస్కో)

జవాబు: నిరభ్యంతరంగా వాడొచ్చు. ట్యాంకుకు నీళ్ళు మంచివే. ఎక్కువ ఆర్‌వీలు చెడేది కాగితం ఎక్కువై, నీళ్ళు తక్కువై. అయితే లెక్క తెలుసుకుని వాడాలి.

బండి కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్ళది ఒకటి. సింకు, షవర్ నీళ్ళు పోయే గ్రే ట్యాంకు రెండోది. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. బ్లాక్ ట్యాంకు 30 గ్యాలన్లు అనుకుందాం, అంటే 113 లీటర్లు. ఫ్లష్‌కు రెండు లీటర్లు, మగ్గుతో ఒక లీటరు, వెరసి మూడు. ఆరుగురు రోజుకు ఐదేసి సార్లు వెళితే 90 లీటర్లు. రెండో రోజు ఉదయానికి నిండిపోయినట్టే. అదే పగలంతా పార్కు టాయిలెట్లకు వెళ్ళి, రాత్రి, తెల్లవారుజామున మాత్రం బండిలోది వాడితే, మనిషికి రెండుసార్లు చొప్పున రోజుకు 36 లీటర్లు. హాయిగా రెండు రాత్రులు గడిచి ఇంకా చోటు మిగులుతుంది. పెద్దవాళ్ళకు రాత్రి బండిలోది వదిలేసి, మిగతావాళ్ళు పార్కువి వాడుకుంటే ఇంకా మంచిది. అందుకే సైటు బుక్ చేసేటప్పుడే మ్యాపులో బాత్రూమ్‌లకు దగ్గరది చూడండి. వాటిలో షవర్లు కూడా ఉంటాయి.

అసలు ఇబ్బంది గ్రే ట్యాంకుతో. గొట్టం ద్వారా వచ్చే నీళ్ళకు అంతు లేదు గనక ఇంట్లో లాగే వాడేస్తారు. వచ్చే నీళ్ళకు హద్దు లేకపోయినా పోయే నీళ్ళకు ఉంది, సీవర్ లేని సైటులో ఆ హద్దు 30, 40 గ్యాలన్లే. షవర్ నిమిషానికి సుమారు రెండు గ్యాలన్లు పోస్తుంది. ఆరుగురు ఐదేసి నిమిషాలు స్నానం చేస్తే 60 గ్యాలన్లు. అంతకు ముందే మురికి నీళ్ళు షవర్ కాళ్ళ కిందనుంచి పైకి తన్నుకొస్తాయి, ఎందుకంటే బండిలో అన్నిటికంటే కిందున్న కాలువ అదే. స్నానాలు పార్కు షవర్లలో చేయండి. బండిలో చేయక తప్పకపోతే తడుపుకుని, ఆపి, సబ్బు రాసుకుని, మళ్ళీ తిప్పండి. గ్రే నీళ్ళు చెట్టు మొదట్లోనో నేల మీదో వదలడం మాత్రం ఎంతమాత్రం కూడదు.

మన వంటకు సంబంధించి ఒక మాట. సాంబారు, పప్పు, పులుసు అడుగున మిగిలింది సింకులో పోయకండి. గ్రే ట్యాంకులో పప్పు పేరుకుని రెండో రోజుకే కంపు కొడుతుంది, చింతపండు పీచు సింకు కింది వంపులో ఇరుక్కుంటుంది. నూనె అసలే వద్దు. గిన్నెలు, కంచాలు పేపర్ టవల్‌తో తుడిచి చెత్తబుట్టలో వేశాకే కడగండి. సింకు రంధ్రానికి చిన్న జల్లెడ పెట్టండి. పసుపు మరక బండి లోపలి ప్లాస్టిక్ గట్ల మీద పడితే వెంటనే తుడవాలి, ఆరితే పోదు, అద్దె డిపాజిట్‌లోంచి కోస్తారు.

నీళ్ళు కలిపేటప్పుడు ప్రెషర్ రెగ్యులేటర్‌ను కుళాయి దగ్గరే బిగించండి, గొట్టం చివర కాదు. నీళ్ళ ఒత్తిడిని 40 నుంచి 50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాటనివ్వదు. అది లేకపోతే కుళాయి ఒత్తిడికి బండి లోపలి పైపు అతుకులు విడిపోవచ్చు. తాగునీటికి చేసిన తెల్లదో నీలందో గొట్టమే వాడండి. సైటు నీళ్ళు కలిపాక బండిలోని నీళ్ళ పంపు ఆపేయండి. వాటర్ హీటర్ వేసేముందు వేడినీళ్ళ కుళాయి తిప్పి, గాలి పోయి ధార నిలకడగా వచ్చేదాకా ఆగండి. ఖాళీ హీటర్‌కు కరెంటు ఇస్తే లోపలి కాయిలు నిమిషాల్లో కాలిపోతుంది.

ప్రశ్న: డంపింగ్ (మురికి ట్యాంకులు ఖాళీ చేయడం) అంటేనే భయం. అడుగడుగునా ఎలా చేయాలో చెప్పండి. (ఒక పాఠకుడు, కేటీ)

జవాబు: వరుస తప్పకపోతే పావుగంట పని, చేతికి చుక్క అంటదు.

సైటులో ఉన్నన్నాళ్ళూ గ్రే, బ్లాక్ ట్యాంకుల రెండు వాల్వులూ మూసే ఉంచండి. సీవర్ ఉన్న సైటులో ఉన్నా బ్లాక్ వాల్వు మాత్రం మూసే ఉండాలి. తెరిచి వదిలితే నీళ్ళన్నీ వెళ్ళిపోయి మలం, కాగితం టాయిలెట్ కింద గుట్టగా పేరుకుని గట్టిపడతాయి. అది పట్టిందంటే మామూలుగా కదలదు.

డంప్ స్టేషన్‌లో, అంటే పార్కులో ట్యాంకులు ఖాళీ చేసే చోట, బండి ఎడమవైపు వెనక భాగం నేలలోని రంధ్రానికి దగ్గరగా వచ్చేలా ఆపండి. పారేసే రకం చేతి తొడుగులు వేసుకోండి. బండి మూత తీసేముందు రెండు వాల్వు పిడులూ పూర్తిగా లోపలికి నొక్కి చూడండి. చాలామందికి ప్రమాదం జరిగేది ఇక్కడే, గ్రే వాల్వు సగం తెరిచి ఉండి మూత తీయగానే కాళ్ళ మీద పడుతుంది. మూడంగుళాల గొట్టాన్ని బండికి తిప్పి బిగించి, ఒకసారి లాగి చూడండి. రెండో చివర రంధ్రంలో పెట్టి, పైన బరువు ఉంచండి. నీళ్ళ తోపుకు గొట్టం పైకి లేస్తుంది.

ముందు బ్లాక్ వాల్వు ఒక్క ఊపులో పూర్తిగా లాగండి. సగం తీస్తే నీళ్ళు పోయి గట్టివి మిగులుతాయి. శబ్దం ఆగాక టాయిలెట్‌లో రెండు మూడు బకెట్ల నీళ్ళు పోయించండి. పారదర్శకమైన మోచేతి గొట్టం ఉంటే తేటనీళ్ళు కనబడేదాకా. బ్లాక్ మూయండి. ఇప్పుడు గ్రే తెరవండి, సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. గ్రే మూసి, ముందు బండి వైపు చివర విప్పి ఎత్తండి, మిగిలింది రంధ్రంలోకి జారిపోతుంది. గొట్టం కడగడానికి అక్కడుండే కుళాయి తాగే నీళ్ళది కాదు. మీ మంచినీళ్ళ గొట్టాన్ని దానికి తగిలించకండి. చివరగా టాయిలెట్‌లో నాలుగు లీటర్ల నీళ్ళు పోసి ట్యాంకు మందు ఒక ప్యాకెట్ వేయండి.

ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక ఖాళీ చేస్తే ఊపు బాగుంటుంది. తక్కువగా ఉంటే ముందు నీళ్ళు పోసి నింపండి. గోడ మీది ట్యాంకు దీపాలను నమ్మకండి, లోపల కాగితం అతుక్కుని ఖాళీ అయ్యాక కూడా మూడింట రెండు వంతులని చూపిస్తాయి. తడి వైప్స్ ఒక్కటి కూడా వేయకండి, డబ్బా మీద వేయొచ్చని రాసి ఉన్నా సరే. ఆర్‌వీ టాయిలెట్ కాగితం విడిగా అమ్ముతారు, నీళ్ళలో వెంటనే విడిపోతుంది. ఆదివారం 11, 12 గంటల మధ్య డంప్ స్టేషన్ దగ్గర వరుస ఉంటుంది. తొమ్మిదికే వెళ్ళిపోండి.

ప్రశ్న: ఇంత పెద్ద బండి నడపడానికి వేరే లైసెన్స్ కావాలా? సైటులో వెనక్కి పెట్టడం ఎలా? (ఒక పాఠకుడు, ఇర్వింగ్)

జవాబు: టెక్సస్‌లో 26,000 పౌండ్ల లోపు బండికి కారుకుండే మామూలు క్లాస్ సి లైసెన్స్ చాలు (క్లాస్ సి బండి పేరుకూ దీనికీ సంబంధం లేదు). అద్దె బండ్లు ఆ లోపే ఉంటాయి.

బండి ఎత్తు కాగితం మీద రాసి డ్రైవర్ ముందు అతికించండి. 11, 12 అడుగులుంటుంది. ఫాస్ట్‌ఫుడ్ డ్రైవ్‌త్రూలు, బ్యాంకు చూరులు, పార్కింగ్ గరాజ్‌లు మరచిపోండి. మలుపులో వెనక చక్రాల తర్వాతి భాగం మీరు తిరిగే వైపుకు వ్యతిరేక దిశలో బయటికి ఊగుతుంది. పెట్రోలు పంపు దగ్గర స్తంభానికి రాసుకునేది అందువల్లే. పంపు దాటి నేరుగా ముందుకు వచ్చాకే తిప్పండి.

సైటు చేరగానే ముందు దిగి నడిచి చూడండి. ఓక్ కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయి, కరెంటు స్తంభం ఎటువైపు, బల్ల, నిప్పుగుంట ఎక్కడ, స్లైడ్ (బండి పక్కనుంచి బయటికి జరిగే గది భాగం) తెరుచుకోవడానికి చోటుందా. వెనక ఒక్కరే నిలబడాలి, అదీ మీ ఎడమ అద్దంలో కనబడేలా. అద్దంలో మనిషి కనబడకపోతే బండి కదలకూడదు. ముగ్గురు మూడు వైపుల నుంచి అరిస్తే పని చెడుతుంది. చీకటి పడకముందే చేరండి.

ఆపాక ముందు బండి సమంగా ఉందో చూసి, పల్లంగా ఉన్న చక్రం కింద ప్లాస్టిక్ దిమ్మెలు వేసి ఎక్కించండి. ఆ తర్వాతే చక్రాలకు అడ్డుముక్కలు, స్లైడ్, కరెంటు, నీళ్ళు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ వాలుగా ఉంటే చల్లబడదు, చెడిపోతుంది కూడా. బయలుదేరేముందు బండి చుట్టూ ఒక తిరుగుడు: మెట్టు, ఆనింగ్ (పక్కన పరిచే నీడ పందిరి), పైకప్పు కిటికీలు, తీగ, గొట్టం.

ప్రశ్న: నాన్నగారి ఇన్సులిన్ ఆర్‌వీ ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? (ఒక పాఠకురాలు, ప్లేనో)

జవాబు: పెట్టొచ్చు. ఈ ఫ్రిజ్ చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది గనక ముందురోజు రాత్రే వేయించండి. లోపల వెనకవైపు అల్యూమినియం రెక్కలుంటాయి, వాటికి తగిలితే గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తలుపు అరలో పెట్టి, పక్కన చిన్న థర్మామీటర్ ఉంచండి. 36 నుంచి 46 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి.

ప్రశ్న: పిల్లలు సరస్సులో ఈదొచ్చా? గాలం వేయడానికి లైసెన్స్ కావాలా? రాత్రి మంట వేసుకోవచ్చా? (ఒక పాఠకుడు, సీడర్ పార్క్)

జవాబు: ఈదొచ్చు, కానీ లైఫ్‌గార్డులు ఉండరు. ఈత వచ్చిన పిల్లలకు కూడా లైఫ్ జాకెట్ వేయండి. 26 అడుగుల కన్నా చిన్న పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్ళలోపు పిల్లలు దాన్ని ధరించడం చట్టం. చేతులకు తొడిగే గాలి బుడగలు దానికి బదులు కావు. ఇంక్స్ లేక్ పార్కులోని డెవిల్స్ వాటర్‌హోల్ దగ్గర గులాబి రంగు బండల మీదనుంచి జనం దూకుతుంటారు. నీళ్ళ కింద బండలు కనబడవు, పిల్లల్ని అక్కడికి పంపకండి. ఆగస్టులో నీళ్ళు బాగా వేడెక్కినప్పుడు ముక్కులోకి నీళ్ళు పోకుండా ముక్కు క్లిప్పు పెట్టండి. వెచ్చటి మంచినీటిలో ఉండే ఒక అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, వస్తే మాత్రం దాదాపు ప్రాణాంతకం.

టెక్సస్ స్టేట్ పార్కులో ఒడ్డు మీదనుంచో పియర్ (నీళ్ళలోకి కట్టిన వంతెన లాంటిది) మీదనుంచో గాలం వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు. పడవలోనుంచి వేస్తే కావాలి. సంఖ్య, పొడవు పరిమితులు ఎలాగైనా వర్తిస్తాయి.

మంటకు ముందు ఆ వారం బర్న్ బ్యాన్ (మంటలు వేయడంపై నిషేధం) ఉందేమో చూడండి. వేసవిలో తరచుగా పెడతారు. కర్రలు పార్కులో ఏరకూడదు, ఇంటి దగ్గరనుంచి తేనూ వద్దు. ఓక్ చెట్లకు సోకే ఓక్ విల్ట్ జబ్బు కర్రలతో పాటు కొత్తచోటికి చేరుతుంది. బర్నెట్‌లోనో పార్కు దుకాణంలోనో కొనండి. పడుకునేముందు నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, బూడిద మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారిందాకా ఆగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళలు. పాటలు, జనరేటర్ అప్పటికే ఆపేయాలి.